భర్తృహరి చెప్పని నాలుగోవాడు

మనుషుల్ని మూడు రకాలుగా విడగొట్టి చూపించిన భర్తృహరి శ్లోకం మనలో చాలామందికి బళ్ళో వుండగానే తెలుగులో కంఠతా వచ్చింది. ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు అది. ఆటంకాలొస్తాయన్న భయంతో పని మొదలే పెట్టనివాడు అధముడు. మొదలుపెట్టి, ఆటంకం ఎదురవగానే వదిలేసేవాడు మధ్యముడు. ఎన్ని ఆటంకాలొచ్చినా పట్టిన పట్టు విడవనివాడు ధీరుడు. మా తెలుగు మాస్టారు పద్యం చెప్పి వూరుకునేవారు కాదు. "ఇప్పుడు చెప్పండి, మీలో ఎవరు ఏ రకం?" అనేవారు. క్లాసు క్లాసంతా ధీరుల్లోనే చేతులెత్తేది.

ఇన్నేళ్ళ తర్వాత, నవలలు చదువుతూ రాస్తూ కాలం గడుపుతున్న ఈ వయసులో, ఆ పద్యంతో నాకొక చిన్న పేచీ వచ్చింది. ముగ్గురి కథలోనూ విలన్ ఒక్కడే, ఆటంకం. అసలు ఆటంకమే లేకుండా వదిలేసేవాడి మాటేమిటి? ఉద్యోగం బాగానే వుంది. జీతం ఒకటో తారీఖున వస్తోంది. పై అధికారి కూడా మంచివాడే. కానీ ఆ పని మీదికి ఇక మనసు పోదు. మొన్నటిదాకా నిద్రపోనివ్వని ఆసక్తి ఇవాళ పొద్దున లేచి చూసేసరికి రాత్రి మిగిలిపోయిన ఉప్మాలా చల్లబడి వుంటుంది. ఈ నాలుగోవాణ్ణి ఏ వరసలో కూర్చోబెట్టాలి? భర్తృహరి చెప్పలేదు.

మన పెద్దలు మాత్రం చెప్పారు. ఆరంభశూరుడన్నారు. ఒక్కడికి పెట్టి వూరుకోకుండా జాతి మొత్తానికీ ఆ బిరుదు కట్టబెట్టి, ఆంధ్రులు ఆరంభశూరులని మనమే నవ్వుతూ చెప్పుకుంటాం.

అన్నట్టు ఒక తమాషా. ఏడో శతాబ్దంలో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, భర్తృహరి అనే పండితుడు ఏడుసార్లు సన్యాసం పుచ్చుకుని ఏడుసార్లు మళ్ళీ సంసారంలోకి వచ్చాడని రాసిపెట్టాడు. ఆయన చెప్పింది వ్యాకరణ పండితుడి గురించి. ఆ పండితుడూ, మన శతకాల కవీ ఒకరేనా కాదా అన్నది పండితులు వాదించుకునే సంగతి. ఒకరే అయిన పక్షంలో మాత్రం, పద్యంలో నాలుగోవాడు ఎందుకు లేడో మనకు అర్థమవుతుంది. ఎవరి ఫొటో వాళ్ళు తీసుకోవడం ఎప్పుడూ కష్టమే!

భర్తృహరి వదిలేసినా, మన నవల ఈ నాలుగోవాణ్ణి వదల్లేదు. వృత్తి ఎంచుకోవడంలో తడబడే మనిషి తెలుగు నవలకు మొదట్నుంచీ ఇష్టమైన మనిషే. కాకపోతే ఒక్కొక్క రచయిత ఒక్కొక్కలా చూశాడు. ఒకరు చూసి నవ్వారు, ఒకరు ముద్దు చేశారు, ఒకరు శిక్షించారు. ముగ్గురు కథానాయకుల్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే, అసలు నాలుగోవాడెవరో మనకే తెలుస్తుంది.

నవ్విన మొక్కపాటి నరసింహశాస్త్రిగారితో మొదలుపెడదాం. 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కి, ఓడెక్కి, బారిస్టరు చదువుకి సీమకి పోతాడు. అతని అమాయకత్వానికి మూడు తరాలు కడుపుబ్బ నవ్వుకున్నాయి. ఆ నవ్వుల కింద ఒక సంగతి మరుగున పడిపోయింది. పార్వతీశం ఎంచుకున్నది బారిస్టరు అనే మాటని. బారిస్టరు పొద్దున లేచి ఏం చేస్తాడో, సాయంత్రం దాకా ఏ కాగితాలు తిరగేస్తాడో అతనికి తెలియదు. ఆ మాట చెవికి ఇంపుగా వుంది, అంతే.

మరి మనమో? ఇంటరు పాసైన పిల్లల ఇళ్ళల్లో మే నెల సాయంత్రాలు జరిగే చర్చలు విన్నారా? డేటా సైన్సు, బయోటెక్నాలజీ, ఫ్యాషన్ డిజైనింగు... ఆ పనిలో మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు మనిషి ఏం చేస్తూ వుంటాడని అడిగే నాథుడుండడు. పేరుని ప్రేమించి పనితో కాపరం చేయాల్సివస్తే ఆసక్తి మూణ్ణెల్లకు పోక ఏమవుతుంది? అది నిలకడలేనితనం కాదు, పెళ్ళిచూపుల్లో జరిగిన పొరపాటు. అయినా పార్వతీశానికి ఒక న్యాయం చేయాలి. నవ్వుకుంటూ మనం మరిచిపోతాంగానీ, అతను చదువు పూర్తిచేశాడు. బారిస్టరై ఇంటికొచ్చాడు. అందుచేత అతను మన నాలుగోవాడు కాడు.

ముద్దుచేసినాయన అడివి బాపిరాజుగారు. ఆయన 'కోనంగి'లో కథానాయకుడు బి.ఏ. పాసై మద్రాసు చేరతాడు. ట్యూషన్లు చెబుతాడు, సినిమాల్లోకి దూరతాడు. ఎక్కడా ఒక కుర్చీకి అంటుకుని కూర్చోడు. రచయిత అతని మీద విసుక్కోడు సరికదా, వెంట తిరుగుతూ మురిసిపోతాడు. ఎందుకు మురవడు? తన్ను తాను చూసుకున్నట్టే వుండి వుంటుంది.

బాపిరాజుగారి బతుకు చూడండి. 1895లో పుట్టి 1952లో పోయారు. ఆ 57 ఏళ్ళలో ఆయన చిత్రకారుడు, కవి, నవలాకారుడు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకెళ్ళారు. లా చదివి కొన్నాళ్ళు ప్లీడరీ చేశారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా వున్నారు. 1936లో వచ్చిన 'అనసూయ', 'ధ్రువవిజయం' సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1940లలో హైదరాబాదు వచ్చి 'మీజాన్' తెలుగు దినపత్రిక సంపాదకులయ్యారు. ఇవాళ ఇంత పొడుగు చిట్టా పట్టుకుని ఏ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళినా, "ఇన్నిసార్లు ఎందుకు మారారు?" అన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

ఆయన నవలల్లోనూ ఈ తిరుగుడు కనిపిస్తుంది. కథ నడుస్తూ నడుస్తూ ఆగి, శిల్పం గురించో సంగీతం గురించో చెప్పుకుపోతారు. ఇది లోపమనేవారున్నారు. కొన్నిచోట్ల నాకూ పేజీలు తిప్పేయాలనిపిస్తుంది. కానీ 'హిమబిందు' చదివేటప్పుడు శాతవాహనుల కాలంలో మనిషి ఏం కట్టాడో, ఏ నగ పెట్టాడో, గోడమీద ఏ బొమ్మ వుందో కళ్ళకు కట్టడం వట్టి నవలాకారుడి వల్ల అయ్యే పని కాదు. అక్కడ కుంచె పట్టిన చెయ్యి కలం పట్టింది. వదిలేసిన పని వదిలేసిన చోట పడివుండలేదన్నమాట. వెనకాలే నడిచొచ్చి తర్వాతి పనిలో కూలికి కుదిరింది. పైగా బాపిరాజుగారు వెళ్ళిన ప్రతిచోటా ఒక పూర్తయిన వస్తువు పెట్టి వెళ్ళారు. 'నారాయణరావు' నవల విశ్వనాథవారి 'వేయిపడగలు'తో కలిసి 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. ఆరంభశూరుడు పంచుకునే బహుమతి కాదది.

ఇక శిక్షించిన గోపీచంద్‌గారు. 'అసమర్థుని జీవయాత్ర' 1940లలో వచ్చిన నవల. సీతారామారావు ఉన్నదంతా వూడ్చిపెట్టుకుని, ఏ పనిలోనూ నిలబడలేక, భార్యనీ తన్నుతానూ హింసించుకుని చివరికి శ్మశానంలో ఘోరంగా పోతాడు. తెలుగులో మనస్తత్వం లోతులు తవ్విన నవలల్లో ముందు వరసలోది. ఆ మాట కాదనను. నా అభ్యంతరం నవల మీద కాదు, దాన్ని మనం వాడుకున్న తీరు మీద. స్థిరంగా ఒక ఉద్యోగంలో వుండని కొడుకుని పట్టుకుని, "చివరికి సీతారామారావువవుతావు" అని బెదిరించిన తండ్రుల్ని నేనెరుగుదును.

అది తప్పు చదువు. సీతారామారావుకి ఆసక్తి త్వరగా పోవడం జబ్బు కాదు. అతను దేన్నీ చేతికి మట్టి అంటేదాకా పట్టుకోనే లేదు. వంశప్రతిష్ఠ అనే బరువు మోస్తూ, ఆలోచన మీద ఆలోచన పేర్చుకుంటూ కూర్చున్నాడు. భర్తృహరి లెక్కలో అతను మొదటి గదిలోవాడు. నాలుగోవాడి నేరానికి మొదటివాడికి ఉరిశిక్ష వేసి, ఆ ఉరితాడు చూపించి నాలుగోవాణ్ణి భయపెడుతున్నాం మనం. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ నవల రాసినాయన లా చదివి ఆ వృత్తి వదిలేశారు, సినిమాలు తీశారు, ప్రభుత్వ సమాచారశాఖలో, రేడియోలో పనిచేశారు. 52వ ఏట పోయారు. పోయిన మరుసటి యేడు, 1963లో, 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'కి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఉద్యోగాలు మారిన మనిషిలో అసమర్థుడెక్కడున్నాడు?

* * *

ఈ పుస్తకాల గొడవ ఇప్పుడెందుకంటారా? చెబుతాను.

నేనుండేది నాచారంలో. మా వైపు రావాలంటే హబ్సిగూడలో మెట్రో దిగాలి. ఆ చౌరస్తా నుంచి ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీద పెద్ద పెద్ద పరిశోధనాలయాలున్నాయి. 1961లో పుట్టిన భూభౌతిక పరిశోధనా సంస్థ ఒకటి. 1977లో మొదలైన కణజీవశాస్త్ర కేంద్రం, అదే సి.సి.ఎం.బి., ఇంకొకటి. అక్కడ ఒక మనిషి ఒకే ప్రశ్న పట్టుకుని పాతికేళ్ళు కూర్చోగలడు. నాచారం వైపు తిరిగితే పారిశ్రామికవాడ. అక్కడా మనుషులు పాతికేళ్ళు కూర్చుంటారు, ఒకే మిషను ముందు. ఇద్దరిదీ నిలకడే. మొదటివాళ్ళ నిలకడకి సన్మానాలు జరుగుతాయి. రెండోవాళ్ళ నిలకడని నిలకడ అని కూడా ఎవరూ అనరు, బతుకుతెరువంటారు.

ఆ రెండోవాళ్ళలో ఒకాయన కూతురు మా వీధిలో వుంటుంది. బి.కాం. చదివింది. కుట్టుపని నేర్చుకుంది, మెహందీ నేర్చుకుంది, ట్యాలీ కోర్సులో చేరింది, ఉప్పల్లో ఒక ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చుంది. ఏదీ నిండా ఏడాది సాగలేదు. ఒకరోజు వచ్చి కూర్చుని, "ఆంటీ, నాకు ఏ పనైనా మూడు నెలలే. ఆ తర్వాత చేయ బుద్ధి అయితలేదు. నాలో ఏమన్నా లోపముందా?" అంది. అప్పటికి ఇంకో ఆఫీసులో రాత్రి షిఫ్టు ఉద్యోగం రాసిపెట్టి వుంది. నెలాఖరులోగా వస్తానో రానో చెప్పాలి. ట్యాలీ ఫీజు కట్టింది తండ్రి ఓవర్‌టైం డబ్బుతో. ఆ పెద్దమనిషి నాతో అన్నమాట ఇంకా చెవుల్లో వుంది. "మేడమ్, ఆ పని నీకు ఇష్టమేనా అని నన్నెవ్వరూ అడగలే. నేను గూడ నన్ను అడుగలే. ఈ పిల్ల అడుగుతున్నది. అడగొద్దంటే పాపం, అడుగుమంటే ఇల్లు నడవదు."

ఎన్ని నవలలు చదివినా ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు తగల్లేదు. విసుగు పడడానికి కూడా వెనకాల ఆస్తి వుండాలి. సీతారామారావు తగలెయ్యడానికి తండ్రి మిగిల్చిన ఆస్తి వుంది. పార్వతీశం ఓడెక్కడానికి ఇంటి దగ్గర పొలాలున్నాయి. ఈ పిల్ల వెనకాల వున్నది ఓవర్‌టైం.

సలహా చెప్పడం నాకు చేతకాదు. ఇంట్లోవాళ్ళంతా కంప్యూటర్లు కంప్యూటర్లని ఘోషిస్తుంటే బి.ఏ.లో చేరిన దాన్ని. నా దగ్గరున్నవి పుస్తకాలే కనక రెండిచ్చాను. గోపీచంద్ ఒకటి, బాపిరాజు ఒకటి. పదిరోజుల్లో తిరిగి తెచ్చింది. ఎలా వున్నాయంటే ఆ పిల్ల చేసిన విమర్శ ఇది: "సీతారామారావుకి పని లేక విసుగు ఆంటీ. నాకు పని ఉండి విసుగు. రెండు ఒకటెట్లయితయి?"

మన విమర్శకులు ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాల్లో ఈ తేడా ఇంత తేటగా దొరకదు. దాన్నే పట్టుకుని కాస్త ముందుకి లాగాను. "పని ఉండి విసుగే కానీ, ఏ పనిలో ఎక్కడిదాకా వెళ్ళాక వచ్చింది?" అనడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టింది. కుట్టుపనిలో, అన్నిటికంటే కష్టమైన కటింగు చేతికొచ్చాక. మెహందీలో, పెళ్ళికూతురి చేతులు రెండూ మోచేతుల దాకా ఒంటరిగా పెట్టగలిగాక. ఫోన్ల దగ్గర, అడిగే ప్రశ్నలన్నీ నోటికి వచ్చేశాక. ట్యాలీలో? ఆ పిల్ల ఆగింది. "అది... కష్టం షురువైనంక" అంది.

చూశారా, ఒకే పిల్ల, ఒకే విసుగన్న పేరు, లోపల రెండు వేరు వేరు సంగతులు. మూడుచోట్ల ఆమె భర్తృహరి చెప్పని నాలుగో మనిషి. పని తేలికైపోయింది కనక మనసు పోయింది. నాలుగోచోట ఆమె భర్తృహరి చెప్పిన మధ్యముల్లోనే వుంది. పని కష్టమైంది కనక వదిలేసి, దానికీ విసుగనే చీటీ అతికించింది. నేర్చేసుకున్నాక వచ్చే విసుగు ఒక రకం ఆకలి. నేర్చుకోకముందే వచ్చే విసుగు భయానికి ఇంకో పేరు. ఆకలేస్తే కొత్త పని పెట్టాలి. భయమైతే ఆ పాత పని దగ్గరే కూర్చోబెట్టాలి. మన నవలలూ, మన ఇళ్ళూ ఈ రెంటినీ ఒకే తాటికి కట్టి కొడుతున్నాయి.

నాచారంలోనే ఇందుకు పెద్ద సాక్ష్యం ఒకటుంది. ఎన్.టి.రామారావుగారు 1976లో ఇక్కడ రామకృష్ణా స్టూడియో కట్టారు. ఆయన బి.ఏ. చదివి 1947లో గుంటూరు ప్రాంతంలో సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాల్లో రాజీనామా ఇచ్చిన మనిషి. ఆ రోజుల్లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగమంటే ఆడపిల్లల తండ్రులు గుమ్మం ముందు క్యూ కట్టే ఉద్యోగం. చుట్టాలు ఏమని వుంటారో ఊహించుకోవచ్చు. 1949లో 'మనదేశం'తో తెరకెక్కాక 1980ల దాకా ఆ రంగం వదల్లేదు. మూడు వారాలు వుండలేని మనిషి ముప్పై మూడేళ్ళు ఎలా వున్నాడు? రిజిస్ట్రారాఫీసులో రోజుకి పది దస్తావేజులొచ్చినా దస్తావేజు దస్తావేజే. నటనలో కృష్ణుడు వేరు, దుర్యోధనుడు వేరు, పల్లెటూరి రైతు వేరు. 1963 నాటి 'నర్తనశాల'లో బృహన్నల కోసం, నలభయ్యో పడిలో పడబోతూ వెంపటి చినసత్యంగారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. పేరుకి వృత్తి ఒకటే. దాని లోపల గదులు వంద. ఒక గదిలో గాలి ఆడకపోతే ఇంకో గదిలోకి పోవచ్చు, ఇల్లు మారనక్కర్లేదు.

మన ఉప్పల్ రోడ్డు మీది సి.సి.ఎం.బి.ని నిలబెట్టిన పుష్ప మిత్ర భార్గవగారు మొదట రసాయనశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాయన. తర్వాత జీవశాస్త్రంలోకి వచ్చారు. ఒక శాస్త్రం గట్టు మీద నిలబడి ఇంకో శాస్త్రంలోకి చూసే కన్ను వుంటేనే అటువంటి సంస్థలు పుడతాయేమో!

అందుచేత త్వరగా ఆసక్తి పోయేవాళ్ళు వృత్తి ఎంచుకునేటప్పుడు "నాకేది ఇష్టం?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. వాళ్ళకి అన్నీ ఇష్టమే, మూణ్ణెల్లపాటు. "ఏ పనిలో గదులెక్కువ?" అన్నది అడగాల్సిన ప్రశ్న. విలేఖరికి రోజూ కొత్త వూరు, కొత్త గొడవ. ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డు నర్సుకి ఏ రెండు రాత్రులూ ఒకలా వుండవు. పాత బండ్లు బాగుచేసే మెకానిక్కుకి ప్రతి బండీ ఒక పొడుపుకథే. జీతాల మాట వేరు, గౌరవాల మాట వేరు. విసుగు మాటకొస్తే మాత్రం వీళ్ళు అదృష్టవంతులు.

* * *

ఇంతవరకూ చెప్పుకున్న కథానాయకులందరూ మగవాళ్ళేనని గమనించారా? ఇది కాకతాళీయం కాదు. విసుగొచ్చి పని వదిలే హక్కు మన నవల మగవాడికే రాసిచ్చింది.

యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' తెలుగిళ్ళల్లో ఎంత సంచలనమో వేరే చెప్పనక్కర్లేదు. 1976లో సినిమా కూడా అయింది. ఒక ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం, నడుం నిటారుగా పెట్టుకుని యజమానికి జవాబు చెప్పడం అప్పట్లో ఎంతోమంది పాఠకురాళ్ళకి వెన్నెముక ఇచ్చింది. జయంతి ఆత్మాభిమానం గురించి మా ఇంట్లో రెండు తరాలు చర్చించుకున్నాయి. కానీ ఆమె చేసే పని ఆమెకి నచ్చిందా, ఆరు నెలలకి విసుగొచ్చిందా అని ఎవరం అడగలేదు. ఆ ఉద్యోగం రాజశేఖరం దగ్గరికి వెళ్ళే తలుపు. తలుపు నచ్చిందా అని ఎవరడుగుతారు? ఆ తరం నవలల్లో చాలావాటికి ఇదే వరస. కథానాయిక ఉద్యోగంలో చేరేది అవసరం వల్ల, మానేది పెళ్ళివల్లో పౌరుషం వల్లో. విసుగు వల్ల మానేసిన కథానాయిక నేను చదివినంతలో కనబడలేదు. వంటింట్లో ముప్పై ఏళ్ళుగా అదే పోపు పెడుతున్న మనిషిని విసుగొచ్చిందా అని అడగని సమాజం, టైపు మిషను ముందు కూర్చున్న అమ్మాయిని అడుగుతుందా?

నవలల్లో లేని ఆ మనిషి బయట లేకపోలేదు. మాలతీ చందూర్‌గారిని తీసుకోండి. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక 1952లో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి నడిపారు. ఆవకాయ బూజెందుకు పట్టిందన్న ప్రశ్న పక్కనే, విడాకులు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న వుండేది. నవలలు రాశారు, వంటల పుస్తకం రాశారు, 'పాత కెరటాలు'లో ప్రపంచ నవలల్ని తెలుగు ఇల్లాలి ముంగిట్లోకి తెచ్చారు. పదిచోట్ల తిరిగే బుద్ధికి సరిపడా పది వాకిళ్ళున్న పని అది. ఆమె వైవిధ్యాన్ని పొగిడినవాళ్ళున్నారు గానీ, అది ఒక రకం బుద్ధికి దొరికిన సరైన వృత్తి అని గుర్తించి రాసినవాళ్ళు తక్కువ.

మా వీధి అమ్మాయి సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మీరు వూరుకోరు. రాత్రి షిఫ్టు ఉద్యోగానికి రానని చెప్పింది. తండ్రి వారం రోజులు మాట్లాడలేదు. వదిలేసిన ట్యాలీ దగ్గరికే మళ్ళీ వెళ్ళి, భయపెట్టిన ఆ పాఠాలు పూర్తిచేసింది. ఇప్పుడు ఉప్పల్లో పన్నుల లెక్కలు చూసే ఒకాయన దగ్గర పనిచేస్తోంది. జీతం ఆ రాత్రి ఉద్యోగంకన్నా తక్కువే. ఆ తక్కువ నెలనెలా ఆ ఇంట్లో తెలుస్తూనే వుంది. కానీ ఒకరోజు బియ్యం కొట్టు లెక్క, ఒకరోజు హార్డ్‌వేరు దుకాణం లెక్క, ఇంకోరోజు కళ్యాణమండపం లెక్క. "ఒక్కొక్క దుకాణం ఒక్కొక్క నవల లెక్క ఉంటది ఆంటీ, ఎవరు ఎక్కడ అబద్ధమాడిన్రో పట్టుకోవాలె" అంటుంది. ఎనిమిది నెలలైంది. శాశ్వతమా అంటే, "ఇంకో రెండు నెలలు చూద్దాం" అని నవ్వుతుంది. ఆ నవ్వుకి పూచీ నేనుండలేను, ఆమె కూడా వుండదు.

విమర్శకురాలిగా నేను అడగదలచుకున్నది ఒక్కటే. కథలోగానీ ఇంట్లోగానీ, ఒక మనిషి ఎన్ని పనులు వదిలేశాడని లెక్కపెట్టడం ఇక మానేద్దాం. వదిలేముందు ఎంతవరకూ వెళ్ళాడు, వెళ్ళినచోట ఏం మిగిల్చాడు అని చూద్దాం. ఆ కొలతతో చూస్తే బాపిరాజు నిలకడైన మనిషి, సీతారామారావు కదలని మనిషి. రెంటికీ చాలా తేడా వుంది. అలాగే, విసుగొచ్చి ఉద్యోగం మానేసిన ఆడపిల్లని ఆఖరి అధ్యాయంలో పెళ్ళితో రక్షించకుండా, శ్మశానానికి పంపకుండా, మరో పనిలోకి నడిపించే నవల ఒకటి రావాలి. అందులో ఆమె తండ్రి ఓవర్‌టైం లెక్క కూడా వుండాలి. అది లేకపోతే మళ్ళీ ఆస్తిపరుల కథే అవుతుంది.